కొత్తింటికి ఎల్‌ఈడీ దీపాలు: పద్మకి మావయ్య ఉత్తరం

పర్లాకిమిడి

చి.సౌ. పద్మకు,

మావయ్య దీవెనలు. గుణుపురం ఇంటికి వైరింగు పూర్తయిందనీ, గృహప్రవేశం లోపల లైట్లు కొనాలనీ రాశావు. కొట్టులో ఏది చేతికిస్తే అది తెచ్చేయకు తల్లీ. ఇది చదివి, గదివారీగా కాగితం మీద రాసుకుని అప్పుడు వెళ్లు.

అన్నిటికంటే ముందు తెలియాల్సింది ఒకటుంది. ఎల్‌ఈడీ బల్బులో వెలుగిచ్చే చిప్పులు తొందరగా పాడవవు. పాడయ్యేది వాటి వెనక మెడలో ఉండే డ్రైవరు, అంటే లైను కరెంటుని చిప్పులకి తగ్గట్టు మార్చి పంపే భాగం. మన వైపు సాయంత్రం మోటార్లు, మిక్సీలు, టీవీలు అన్నీ ఒక్కసారి వేసేసరికి వోల్టేజీ పడిపోతుంది, అర్ధరాత్రి దాటాక పైకి లేస్తుంది. ఉరుములతో వాన పడితే లైను మీద ఒక్క దెబ్బ వస్తుంది. చవక బల్బుల్లో డ్రైవరు అని చెప్పుకునేది ఒక కెపాసిటరు, రెండు మూడు చిన్న ముక్కలు, అంతే. వోల్టేజీ పెరిగితే చిప్పుల్లోకి కరెంటు కూడా పెరుగుతుంది, వేడెక్కి మాడిపోతాయి. తగ్గితే వెలుగు గుడ్డిదవుతుంది. మంచి డ్రైవరు లైను ఎలా ఆడినా చిప్పులకి ఒకే కరెంటు పంపుతుంది. అందుకే పెట్టె మీద వోల్టేజీ ఎంతని రాశారో మొదట చూడు. 220-240 అని ఉన్నది మన ఊళ్లకి పనికిరాదు. 100-300 అని ఉన్నది తీసుకో. సర్జ్ అంటే లైను మీద వచ్చే ఆ దెబ్బే, దాని నుంచి రక్షణ కనీసం 2.5 కేవీ (రెండున్నర వేల వోల్టులు) అని ఉండాలి, 4 కేవీ దొరికితే వరండాకి, బయటి గోడకి అదే కొను.

రెండోది ల్యూమెన్లు. వాట్లు కరెంటు ఎంత తింటుందో చెబుతాయి, వెలుగు ఎంతో చెప్పేది ల్యూమెన్లే. పాత 60 వాట్ల బల్బు సుమారు 700 ల్యూమెన్లు ఇచ్చేది. 9 వాట్ల ఎల్‌ఈడీలు రెండు పక్కపక్కన పెడితే ఒకటి 700, ఇంకొకటి 900 పైన ఇవ్వొచ్చు, మీటరు మాత్రం రెండింటికీ ఒకేలా తిరుగుతుంది. ల్యూమెన్లని వాట్లతో భాగించి చూడు, వందకి తగ్గితే పక్కన పెట్టేయి. బీఈఈ (కేంద్ర ప్రభుత్వ విద్యుత్ పొదుపు సంస్థ) నక్షత్రాల ముద్ర కూడా ఈ లెక్క మీదే వేస్తారు. దానితోపాటు బీఐఎస్ (వస్తువుల ప్రమాణాలు చూసే సంస్థ) ముద్ర కింద R- అని మొదలయ్యే నంబరు ఉండాలి. సంతలో పెట్టె లేకుండా తట్టలో పోసి అమ్మే బల్బుల మీద ఇవేవీ ఉండవు. వాటిని ముట్టుకోకు.

ఇక గదులు. పది బై పన్నెండు హాలుకి 20 వాట్ల బ్యాటెన్ (ట్యూబులైటులా పొడుగ్గా ఉండే ఎల్‌ఈడీ) ఒకటి, అంటే రెండు వేల ల్యూమెన్లు, చాలు. పాత ట్యూబులైటు చోకుతో కలిపి 50 వాట్ల దాకా లాగేది. గోడలకి ముదురు నీలం, ఆకుపచ్చ వేయించి ఉంటే అవి వెలుగుని మింగేస్తాయి, ఎదురుగోడకి ఇంకో 9 వాట్ల బల్బు పెట్టించు. వంటింట్లో లైటు గది మధ్యలో పెట్టిస్తే పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి నీడ గట్టు మీదే పడుతుంది. గట్టు పైనే, తల కంటే ముందుకి వచ్చేలా బ్యాటెన్ పెట్టమను. అక్కడ సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత అసలులా కనబడతాయో చెప్పే అంకె, 80కి తగ్గకూడదు, బియ్యంలో పురుగు, రాయి కనబడాలి కదా. పిల్లల చదువు బల్లకి విడిగా దీపం కావాలి, కుడిచేత్తో రాసేవాళ్లకి ఎడమ వైపు నుంచి వెలుగు రావాలి.

రంగు విషయంలో కొట్టువాళ్లు అందరికీ 6500 కెల్విన్ల (వెలుగు రంగుకి కొలత, పెట్టె మీద K అని ఉంటుంది) తెల్ల వెలుగే ఇస్తారు. హాలుకి, వంటింటికి సరే. పడకగదికి మాత్రం 3000 కెల్విన్ల పసుపు వెలుగు అడిగి తీసుకో. వరండాకి కూడా పసుపే మేలు, వానల్లో ఉసిళ్లు తెల్ల వెలుగుకి వచ్చినంతగా దానికి రావు. ఒకే గదిలో రెండు రంగులు కలపకు. చూరు కింద వాన జల్లు తగిలే చోట ఐపీ65 (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనిది) అని రాసిన ఫిట్టింగే పెట్టాలి.

దేవుడి గదిలో ఎర్ర జీరో బల్బు గురించి చెప్పాలి. జీరో అన్నది పేరుకే, అది 12 నుంచి 15 వాట్లు తింటుంది. 15 వాట్ల లెక్కన పగలూ రాత్రీ వెలిగితే నెలకి 10.8 యూనిట్లు. ఆరు గంటలు వెలిగే పాత 60 వాట్ల బల్బు తినేదీ సరిగ్గా అంతే! అర వాటు ఎల్‌ఈడీ పెడితే నెలంతా వెలిగినా అర యూనిట్ కూడా కాదు. ఇంట్లో అన్నిటికంటే ముందు దీన్ని మార్చు. అదే, పాతింట్లోంచి తెచ్చుకున్న 9 వాట్ల ఎల్‌ఈడీలు వెలుగుతుంటే వాటిని తీసి 8 వాట్లవి కొనడం దండగ. మిగిలేది నెలకి యూనిట్‌లో ఐదో వంతు కూడా ఉండదు.

బల్బుకి వేడి పడదు. పెట్టె మీద 25,000 గంటలని రాస్తారు, రోజుకి ఆరు గంటలైతే పదకొండేళ్లు దాటాలి. మూసేసిన గాజు గోళంలోనో, గాలి ఆడని సీలింగు గుంటలోనో, రేకు కిందనో బిగిస్తే డ్రైవరులోని కెపాసిటరు ఎండిపోతుంది. ఆ వయసు సగానికి, అంతకంటే తక్కువకీ పడిపోతుంది. గోళమే కావాలంటే కింద తెరిచి ఉన్నది కొను.

ఎలక్ట్రీషియన్ ఇంకా పనిలో ఉండగానే రెండు పనులు చేయించు. స్విచ్చుకి వచ్చేది ఫేజే (కరెంటు ఉండే తీగే), న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) కాదని టెస్టరు పెట్టి చూపించమను. న్యూట్రల్‌ని స్విచ్చుకి కలిపేస్తే, స్విచ్ ఆపినా బల్బు మినుకుమినుకుమంటుంది. పైగా హోల్డరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకి ప్రమాదం. ఇంకోటి, ఎర్తు గుంత సరిగా వేయించి, మెయిన్ బోర్డులో సర్జ్ ప్రొటెక్షన్ డివైస్ పెట్టించు. ఎర్తు లేకుండా అది పని చేయదు. ఇంట్లో దీపాలు ఉన్నట్టుండి మరీ ప్రకాశంగానో, మరీ గుడ్డిగానో అయితే స్తంభం దగ్గర న్యూట్రల్ వదులైందేమోనని అనుమానించాలి. వెంటనే మెయిన్ ఆపేసి కరెంటాఫీసుకి కబురు చెయ్యి, అలాంటప్పుడు 230 వోల్టుల బదులు 400 దాకా కూడా రావొచ్చు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని చీకట్లో ముంచేసింది. కాబట్టి బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ బల్బులు రెండు కొని ఉంచు, ఒకటి వంటింటికి, ఒకటి మెట్ల దగ్గరికి. పూర్తిగా చార్జయితే సాధారణంగా మూడు నాలుగు గంటలు వెలుగుతాయి. కరెంటు పోయినప్పుడు స్విచ్ వేసే ఉండాలి. తీసేసి అలమారలో పెట్టేస్తే బ్యాటరీ చచ్చిపోతుంది. ఇల్లంతా ఇవే పెట్టడం అనవసరం, రెండేళ్లకే బ్యాటరీ బలం తగ్గుతుంది.

కొట్టులో వెలిగించి చూపించమని అడుగు. ఫోను కెమెరా పెట్టి చూస్తే తెర మీద నల్లటి చారలు గట్టిగా పాకుతున్నాయా, ఆ బల్బు వద్దు, కళ్లు లాగుతుంది. నీ హోల్డర్లు పిన్నువో, మరవో ముందే చూసుకో.

పాతపట్నంలో పది రూపాయలు తక్కువని అక్కడ కొనకు. బల్బు పోతే గ్యారంటీ కోసం మళ్లీ అంత దూరం వెళ్లాలి. గుణుపురంలోనే బిల్లు రాయించుకుని కొను. బల్బు మెడ మీద మార్కరుతో తేదీ రాసి బిగించు. పాత సీఎఫ్‌ఎల్‌లు (మెలికల గాజు గొట్టం బల్బులు) ఏవైనా పగిలితే కిటికీలు తీసి కాసేపు బయటికి వెళ్లండి, వాటిలో పాదరసం ఉంటుంది. ముక్కలు చీపురుతో ఊడ్చకు, అట్టముక్కతో ఎత్తి డబ్బాలో మూత పెట్టు.

ఉంటాను,
మీ మావయ్య