హైదరాబాద్–లండన్: టికెట్‌లోని సమయాలు ఎలా లెక్కపెట్టాలి

జూలైలో ఉదయం 7:00కి హైదరాబాద్‌లో బయలుదేరి మధ్యాహ్నం 12:30కి హీత్రూ చేరుతుందని టికెట్‌లో ఉంది, ప్రయాణం అయిదున్నర గంటలేనా అని అడిగారు. కాదండి, పది గంటలు. టికెట్‌లో ఏ ఊరికి ఆ ఊరి సమయమే వేస్తారు. వేసవిలో లండన్ మనకంటే నాలుగున్నర గంటలు వెనక, అది కలపండి. అక్టోబరు చివరి ఆదివారం నుంచి మార్చి చివరి ఆదివారం దాకా అయితే అయిదున్నర కలపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే.

దగ్గరి దారి సుమారు 7,750 కి.మీ. దాన్ని గంటకు 900తో భాగిస్తే ఎనిమిదిన్నర గంటలు వస్తుంది గానీ, ఆ లెక్క నమ్మి అక్కడ రైలు బుక్ చేసుకోకండి. రన్‌వే దాకా వెళ్లడం, చుట్టుదారి, పడమటి నుంచి వీచే ఎదురుగాలి అన్నీ కలుస్తాయి. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి సమయం తగ్గుతుంది. అప్పుడు టికెట్‌లోని రెండు సమయాల తేడాలోంచి వేసవిలో నాలుగున్నర, చలికాలంలో అయిదున్నర తీసేయాలి.