పాఠకుల ప్రశ్నలు: ఈ ఏడాది చదివినవాటిలో మీకు నచ్చినవేవి?

ప్రశ్న: ఇంటి బాధ్యతల మధ్య పుస్తకం పట్టి చాలా ఏళ్లయింది. ఈ ఏడాది మీరు చదివినవాటిలో బాగా నచ్చినవేమిటి? నేను మళ్లీ మొదలుపెట్టడానికి వాటిలో ఏది తగినది? – ఒక పాఠకురాలు, అంబాజీపేట

జవాబు: అమ్మా, ఈ ఏడాది నేను ఎక్కువగా మన గోదావరి సీమ రచయితలనే చదివాను, వారిలోనూ శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి దగ్గరే ఎక్కువ కాలం ఆగిపోయాను. ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ నా మొదటి ఎంపిక. 1891లో పొలమూరులో, సంస్కృత విద్యే విద్య అనుకునే ఇంట పుట్టిన పిల్లవాడు, పెద్దల ఇష్టానికి ఎదురు నిలిచి తెలుగు రచయిత ఎలా అయ్యాడో అందులో ఉంది. అయినా మీరు దానితో మొదలుపెట్టవద్దు. అది తీరికగా, రోజుకు కొంచెం చొప్పున చదువుకోవలసిన పెద్ద పుస్తకం.

ముందు ఆయన కథల్లో ‘వడ్లగింజలు’ చదవండి. పెద్దాపురం ప్రభువుతో చదరంగం ఆడాలని పట్టుబట్టినవాడి కథ అది. ఆ ఆటకూ వడ్లగింజలకూ ఉన్న సంబంధం ఇక్కడ చెప్పేస్తే మీ ఆనందాన్ని నేను కాజేసినట్టవుతుంది కనుక చెప్పను. శ్రీపాదవారి కథలను నడిపేవి చాలావరకు సంభాషణలే. చదువుతుంటే మన వీధి అరుగు మీద ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. చదివే అలవాటు తప్పినవారిని చెయ్యి పట్టుకొని నడిపించే గుణం ఆ మాటల్లో ఉన్నదని నా నమ్మకం.

ఆ తరువాత పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’. జీవితాన్ని నియమాల మధ్య బిగించుకున్న ఒక పెద్దమనిషి, తుపాను రాత్రి రైల్వేస్టేషనులో ఒక బిచ్చగత్తెతో పాటు చిక్కుకుపోతాడు. 1952 నాటి ప్రపంచ కథల పోటీలో దానికి రెండవ బహుమతి వచ్చిన సంగతి అందరూ చెబుతారు. నాకు అంతకంటె ముఖ్యంగా తోచినది వేరు: 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవారికి గాలి ఎంత భయంకరమో ఎవరూ వర్ణించి చెప్పనక్కరలేదు, అందువల్ల మనం ఆ హోరును దాటి, నియమాలన్నీ సడలిపోతున్న ఆ మనిషి మనసు దగ్గరకు త్వరగా చేరుకుంటాము.

వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’ కూడా మళ్లీ చదివాను. ధవళేశ్వరం వర్ణన, బంగారం చేసిపెడతానని నమ్మించి దోచుకుపోయిన యోగి ఘట్టం ఈనాటికీ బాగున్నాయి. నీతిబోధ మాత్రం బరువెక్కింది. దానిని తరువాతికి ఉంచుకోండి.

ప్రశ్న: పదో తరగతి చదువుతున్న మా మనవడికి తెలుగులో ఏదైనా ఒక్క నవల చెప్పండి. – ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి ‘గణపతి’. భాష పాతది కనుక మొదటి కొన్ని పుటలు మీరే పైకి చదివి వినిపించండి. నవ్వు మొదలైతే మిగిలినది అతడే చదువుకుంటాడు. ఆ కాలపు పరిహాసాల్లో ఈనాడు మనకు రుచించనివి కొన్ని ఉంటాయి. అవి వచ్చినచోట దాటవేయకుండా ఆగి, అవి ఎందుకు తప్పో అతడితో మాట్లాడండి.