ఆంగ్లో-సాక్సన్ రాజవంశాల పుట్టుక కథల్లో నిజమెంత?

ఇంగ్లండ్ తొలి రాజులు, అంటే ఆంగ్లో-సాక్సన్లు, దేవుడి సంతతి అని రాయించుకున్నారు కదా, అందులో ఎంత నమ్మొచ్చు అని అడిగారు. నేను సఫోక్‌లో ఆరేళ్లు ఉన్నాను కాబట్టి అక్కడి వుఫింగాస్ వంశం సంగతే చెబుతాను. ఈస్ట్ ఆంగ్లియాని, అంటే ఇప్పటి సఫోక్, నార్ఫోక్ ప్రాంతాన్ని, ఏలినవాళ్లు. వుఫా అనే రాజు వల్ల ఆ పేరు వచ్చిందని బీడ్ అనే సన్యాసి 731లో పూర్తి చేసిన చరిత్రలో రాశాడు.

వాళ్ల వంశావళి ఒకటి మిగిలింది. 749లో చనిపోయిన ఏల్ఫ్‌వాల్డ్‌తో మొదలై తండ్రి, తాత అంటూ వెనక్కి వెళ్తుంది. మొత్తం 14 పేర్లు. చివరిది వోడెన్, వెన్స్‌డేకి పేరిచ్చిన దేవుడు. ఆయన కొడుకు పేరు కాసెర్, అంటే సీజర్! మొదటిసారి చదివినప్పుడు అచ్చుతప్పనుకున్నాను. రోమన్ల పాలన పోయి మూడు వందల ఏళ్లు దాటినా ఆ పేరుకున్న దర్జా పోలేదన్నమాట. తర్వాత అదే గడ్డను ఏలి 794లో హతుడైన రాజు ఏథెల్‌బర్ట్ తన నాణెం మీద, రోమ్ పుట్టుక కథలో కవల పిల్లలకు పాలిచ్చిన తోడేలును వేయించాడు. వుఫా పేరులోనూ తోడేలు మాటే వినిపిస్తుంది. ఇదంతా ఊరికే కలిసొచ్చిందని నేననుకోను.

నాకు అసలు విశేషం అనిపించేది వేరు. వాళ్లందరిలోకీ గొప్ప రాజు రేడ్‌వాల్డ్ ఆ జాబితాలోనే లేడు! ఏల్ఫ్‌వాల్డ్ ఆయన సోదరుడి శాఖవాడు మరి. రాజు తన వరస కలిసేవాళ్లనే రాయించుకున్నాడు, పెదతాతలకు చోటు లేదు. అందుకే ఆ జాబితాలో వోడెన్ వైపున్న పాత పేర్లను చరిత్రగా నేను నమ్మను. ఏల్ఫ్‌వాల్డ్‌కి దగ్గరి నాలుగైదు తరాల వరకు ఫరవాలేదు.

మా నాన్నగారు వచ్చినప్పుడు డెబెన్ నది పక్కన, ఆ కాలపు సమాధి దిబ్బలున్న సట్టన్ హూకి తీసుకెళ్లాను. అక్కడ దొరికిన అసలు శిరస్త్రాణం లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంటుందని, ఇక్కడిది నకలని ముందే చూసుకోలేదు. ఎదురుగా గడ్డి దిబ్బలు. “ఇంతకీ ఇందులో ఎవర్ని పెట్టార్రా?” అన్నారు. 1939లో బేసిల్ బ్రౌన్ అనే పురావస్తు పరిశోధకుడు మొదలుపెట్టిన తవ్వకాల్లో సమాధిగా పాతిపెట్టిన 27 మీటర్ల ఓడ అచ్చు మట్టిలో, మధ్యలో బోలెడంత సంపద బయటపడ్డాయి గానీ శవం లేదు. అక్కడి ఆమ్లపు మట్టి ఎముకల్ని కూడా మిగల్చలేదు. పక్కన దొరికిన 37 బంగారు నాణేల కాలాన్ని బట్టి అది 624 ప్రాంతంలో చనిపోయిన రేడ్‌వాల్డ్ సమాధే కావచ్చని చాలామంది అంటారు. ఒకే గుడిలో క్రీస్తుకో బలిపీఠం, పాత దేవతలకో బలిపీఠం పెట్టాడని బీడ్ తిట్టింది ఈయన్నే. నాన్నకి మాత్రం ఆ ఏర్పాటు తెగ నచ్చింది.

మీరు వెళ్తే ముందు బ్రిటిష్ మ్యూజియంలో 41వ గది చూడండి, టికెట్ లేదు. ఆ నాణేల సంచి మూత మీద రెండు మృగాల నడుమ ఒక మనిషి నిలబడి ఉంటాడు. అవి తోడేళ్లేనని మా నాన్న ఇప్పటికీ వాదిస్తారు.