ముందు ఏమీ కలపనిది అడుగు

చి. స్రవంతికి బాబాయి ఆశీస్సులు.

హైదరాబాదులో ఐస్‌క్రీమ్ షాపులన్నీ వరసగా తిరిగి, ఏది ఎందుకు బాగుందో రాసిపెట్టుకోవాలని నువ్వూ నీ స్నేహితులూ అనుకుంటున్నారని రాశావు. మంచి పని. కాకపోతే మీరు వేసుకున్న లిస్టులో ఒకచోట బ్రౌనీ ఫడ్జ్, ఇంకోచోట సీతాఫలం, మరోచోట పాన్ ఫ్లేవరు కనిపించాయి. అలా తింటే తిన్న సంతోషం మిగులుతుంది గానీ ఏ షాపు పనితనం ఎంతో తేలదు. పోల్చాలంటే అన్ని చోట్లా ఒకే రకం తినాలి. అందులోనూ లోపం దాచుకోవడానికి వీల్లేని రకం తినాలి.

ఐస్‌క్రీమ్ షాపులో వెనీలా గానీ ఉత్త మలై గానీ అడుగు. జెలాటో, అంటే ఇటలీ పద్ధతి ఐస్‌క్రీమ్, అమ్మే షాపులో ఫియోర్ ది లాత్తె అని ఉంటుంది, పాలూ క్రీమూ పంచదారా తప్ప వేరే ఫ్లేవరు వెయ్యనిది. అది తిన్నాక పిస్తా తిను. పాలు లేకుండా పండుతో చేసే సోర్బేలో అయితే నిమ్మ, లేదంటే మామిడి. ఇవి సరిగ్గా చేసినవాడు మిగతావి చెడగొట్టడం అరుదు. చాక్లెట్ వేస్తే పాత పాలపొడి వాసన కప్పబడిపోతుంది. బటర్‌స్కాచ్‌లో పంటి కింద కరకరలాడే పలుకుల మధ్య మంచు పలుకులు తగిలినా తెలియదు. క్రీమ్ స్టోన్‌లాంటి చోట రాతి మీద పళ్లూ పప్పులూ వేసి కలిపిస్తారు కదా, అవేవీ కలపకముందు ఉత్త ఐస్‌క్రీమ్ ఒక చెంచా రుచి చూపించమను. కలిపాక అది మెత్తబడిపోతుంది, అప్పుడు చూసి లాభం లేదు.

అసలు నువ్వు దేనికి డబ్బు కడుతున్నావో ముందు తెలియాలి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం మామూలు ఐస్‌క్రీమ్‌లో పాల కొవ్వు కనీసం 10 శాతం, ప్రొటీను 3.5 శాతం ఉండాలి. లీటరు బరువు కనీసం 525 గ్రాములు తూగాలి. లీటరు పాలు కిలోకి పైనే తూగుతాయి, మరి ఇది సగమే తూగినా ఒప్పుకుంటారంటే తక్కిన సగం గాలి అన్నమాట. చిలికేటప్పుడు గాలి చేరుతుంది, చేరాలి కూడా, గాలి లేకపోతే చెంచా దిగదు. ఎంత చేరిందన్నదే ప్రశ్న. జెలాటో మిశ్రమాన్ని నెమ్మదిగా తిప్పుతారు కాబట్టి గాలి తక్కువ, సాధారణంగా మిశ్రమం పరిమాణంలో 20 నుంచి 35 శాతం. అందుకే 100 మిల్లీల మామూలు ఐస్‌క్రీమ్ 55 గ్రాముల దగ్గర ఉంటే, అంతే జెలాటో 85 గ్రాముల దాకా తూగుతుంది. స్కూపు 80 రూపాయలకి దొరికిందనీ, జెలాటో 130 అన్నాడనీ ధర చూసి మాట్లాడకు. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ కాటా ఒకటి బ్యాగులో వేసుకెళ్లు. ఖాళీ కప్పు బరువు తీసేసి గ్రాముకి ఎంత పడిందో లెక్క వెయ్యి. పైన చెప్పిన రెండూ ఇంచుమించు గ్రాముకి రూపాయిన్నరే పడతాయి. ఇంటికి తెచ్చుకునే 700 మిల్లీల డబ్బాలో సరుకు 368 గ్రాములకి తగ్గకూడదు.

డబ్బా మీద ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే అందులో పాల కొవ్వుకి బదులు వంటనూనె కొవ్వు ఉంటుంది. అది నేరం కాదు, కానీ దాన్ని ఐస్‌క్రీమ్ పక్కన పెట్టి మార్కులు వెయ్యకు, వేరే వరసలో రాసుకో. అలాగే జెలాటోలో కొవ్వు 4 నుంచి 8 శాతమే ఉండటం మామూలు. మన లెక్కలో అది ‘మీడియం ఫ్యాట్’ కిందికి వస్తుంది. ఆ మాట చూసి నాసిరకం అనుకోవద్దు.

ఇక వెళ్లే ముందు సంగతి. బిర్యానీ, ఆవకాయ, కాఫీ, పాన్, ఇవి తిన్నాక చాలాసేపటి వరకూ నాలుకకి సున్నితమైన పాల రుచి అందదు. మధ్యాహ్నం తేలిగ్గా తిని నాలుగింటికో అయిదింటికో బయలుదేరండి. రాత్రి భోజనాల తర్వాత షాపులు కిటకిటలాడతాయి, ఫ్రీజరు మూత తీస్తూ వేస్తూనే ఉంటారు, పైపొర మెత్తబడుతుంది, అడిగినదానికి జవాబు చెప్పే తీరిక కూడా ఎవరికీ ఉండదు. పూటకి మూడు షాపులు చాలు. నాలుగో దాని దగ్గరికి వచ్చేసరికి నాలుక మొద్దుబారి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. కప్పులోనే తీసుకోండి, కోన్ వద్దు. కోన్‌లోని పంచదార, మాడిన పిండి వాసన రుచిలో కలిసిపోతాయి. షాపుకీ షాపుకీ మధ్య నాలుగు మరమరాలు నమిలి మామూలు నీళ్లు తాగండి. చల్లనీళ్లు తాగితే నాలుక ఇంకా తిమ్మిరెక్కుతుంది.

కౌంటరు దగ్గర రెండు నిమిషాలు ఊరికే చూడు. డబ్బా అంచుల దగ్గర ఐస్‌క్రీమ్ గోడని వదిలి లోపలికి ముడుచుకుపోయిందా? పైన తెల్లటి మంచు పొడి పేరుకుందా? అయితే అది చాలావరకు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. కరెంటు పోయినప్పుడూ, బండిలో తెచ్చేటప్పుడూ చిన్న చిన్న మంచు పలుకులు కరిగి, మళ్లీ చల్లబడగానే పెద్ద పలుకుల మీద పేరుకుంటాయి. ఒకసారి అలా జరిగాక ఎంత చల్లగా పెట్టినా ఆ నునుపు తిరిగి రాదు. స్కూపులు ముంచే నీళ్లు కూడా చూడు. తెల్లగా మడ్డిగా నిలవున్న నీళ్లయితే నీ వెనీలాలో అంతకు ముందు తీసిన స్ట్రాబెర్రీ తగులుతుంది. స్కూపు కడిగి తియ్యమని అడగడానికి మొహమాటపడకు.

జెలాటో షాపులో ఇంకొకటి గమనించాలి. ట్రేలలో గట్టు దాటి ఎత్తుగా కుప్పపోసి, పైన పళ్లు గుచ్చి అలంకరించింది కంటికి బాగుంటుంది. కానీ గాలి తక్కువగా ఉన్న మంచి జెలాటో వడ్డించే చల్లదనంలో అంత ఎత్తున నిలబడదు, జారుతుంది. నిలబడిందంటే గాలో, గమ్మో (చిక్కదనానికి వేసే జిగురు), నూనె కొవ్వో ఎక్కువ పడి ఉండాలి. ఇటలీలో పాత పద్ధతి షాపులు మూతలున్న లోతైన స్టీలు గిన్నెల్లోనే ఉంచుతాయి. మూత పెట్టి ఉంచిన చోట నాకు నమ్మకం ఎక్కువ. పిస్తా రంగు చూడు: వేయించిన పిస్తా ముద్దతో చేసింది మట్టి రంగు కలిసిన పాలిపోయిన ఆకుపచ్చగా ఉంటుంది. చిలకపచ్చగా మెరిసిపోతూ బాదం ఎసెన్సు వాసన కొడితే అందులో పిస్తా నామమాత్రమే. పుదీనాది తెల్లగా, అరటిపండుది కొంచెం బూడిద రంగుగా ఉండాలి. మంచి వెనీలాలో నల్లటి చుక్కలు ఉంటాయంటారు గానీ సారం తీసేసిన గింజలు కూడా కలుపుతారు, వాటికి రుచి ఉండదు. చుక్కలకి మార్కులు వెయ్యకు.

మీలో గుడ్డు తిననివాళ్లు ఉంటే జెలాటో షాపులో తప్పకుండా అడగండి, కొన్ని రకాల్లో గుడ్డు సొన వేస్తారు.

ఇప్పుడు నోట్లో పెట్టుకోవడం. కప్పు చేతికి రాగానే తినకు. రెండు మూడు నిమిషాలు ఆగి, అంచు మెత్తబడి మెరుపు తేలాక మొదలుపెట్టు. అర చెంచా తీసుకుని, చెంచా బోర్లించి, ఐస్‌క్రీమ్ ముందు నాలుకకి తగిలేలా పెట్టుకో. స్టీలు చల్లదనం ముందు తగిలితే నాలుక మొద్దుబారుతుంది. నమలకుండా నాలుకతో అంగిట్లోకి నొక్కి కరగనివ్వు. మొదట తెలిసేది చల్లదనం, తర్వాత నునుపు, ఆ తర్వాత తీపి, చివరికి అసలు రుచీ వాసనా. మింగాక నోరు మూసుకుని ముక్కుతో గాలి వదులు, వాసన అప్పుడే బాగా అందుతుంది. ఆత్రంగా పెద్ద ముద్ద పెట్టుకుని నుదురు జివ్వుమంటే నాలుకని అంగిటికి గట్టిగా ఆనించి పట్టుకో, కాసేపటికి తగ్గుతుంది.

పలుకులు తగిలితే అవి ఏ పలుకులో తేల్చుకోవాలి. నొక్కగానే చల్లగా మాయమైతే మంచు. అంతా కరిగాక కూడా నాలుక మీద సన్నటి ఇసుకలా మిగిలితే అది పాలలోని చక్కెర, లాక్టోజు, గట్టిపడటం. పాలపొడి ఎక్కువేసినా, కోవాతో చేసిన కుల్ఫీ ఎక్కువ రోజులు నిలవున్నా ఇది వస్తుంది. పంటికి చిన్న చిన్న వెన్న ముద్దలు తగిలితే క్రీమ్ అతిగా చిలికారు. సాగుతూ జిగటగా, కరగడానికి మొండికేస్తుంటే గమ్ము ఎక్కువైంది. గ్వార్ గమ్ లాంటివి తగుమాత్రం వెయ్యడం తప్పు కాదు, మంచు పలుకులు పెరగకుండా అవే ఆపుతాయి. మింగాక, గోరువెచ్చటి నీళ్లు తాగాక కూడా అంగిటికి కొవ్వు పొర అంటుకునే ఉంటే పామాయిల్ కొవ్వో వనస్పతో అని అనుమానించు. పాల కొవ్వు నోటి వేడికి కరిగిపోతుంది. అయితే కొబ్బరి నూనె కూడా అలాగే శుభ్రంగా కరుగుతుంది కాబట్టి, పొర లేనంతమాత్రాన పాల కొవ్వే అని ఖాయం చెయ్యకు.

రుచి కన్నా నిజం చెప్పేది కరగడం. మీలో ఒకరి స్కూపు తినకుండా సాసరులో వేసి ఇరవై నిమిషాలు పక్కన పెట్టండి. మంచిదైతే చిక్కటి పాలలా ఏకంగా కరుగుతుంది. అంచున ముందు పల్చటి నీరు ఊరితే మిశ్రమం విరిగిందన్నమాట. కిందంతా కారిపోయినా పైన నురుగు ముద్ద స్కూపు ఆకారంలోనే కూర్చుని ఉంటే గాలీ గమ్మూ ఎక్కువ. కరిగినదాన్ని ఒక చెంచా రుచి చూడు. చల్లదనం తీపిని అణిచేస్తుంది కాబట్టి కరిగాక ఏదైనా మరీ తియ్యగానే ఉంటుంది, దానికి తప్పు పట్టకు. చూడాల్సింది వాసన: పాలు అడుగంటిన వాసన, పాత పాలపొడి వాసన, తడి అట్టముక్క వాసన ఇప్పుడు దాగవు.

సోర్బేకి పాలూ కొవ్వూ ఉండవు. పండు, నీళ్లు, పంచదార, అంతే. అందుకని పంచదార కొలత తప్పితే వెంటనే బయటపడుతుంది. మొత్తంలో చక్కెర వంతు 25 నుంచి 30 శాతం మధ్య ఉంటేనే చెంచా దిగుతుంది. తక్కువైతే గడ్డ రాయవుతుంది, ఎక్కువైతే గడ్డకట్టక అడుగున పాకం ఊరుతుంది. కప్పు అడుగు పైకి ఎత్తి చూడు. మామిడి, జామ లాంటి గుజ్జు పళ్లతో సోర్బే సహజంగానే చిక్కగా వస్తుంది. నిమ్మకి గుజ్జు లేదు కాబట్టి నిమ్మని నున్నగా తెచ్చినవాడికి పని వచ్చినట్టే. పులుపు నాలుక మీద నిలబడిపోతుంది, అందుకని ఏ షాపులోనైనా సోర్బే చివరనే తినండి: ముందు పాలది, తర్వాత పిస్తా, ఇంకా తినాలనిపిస్తే చాక్లెట్, ఆఖరికి నిమ్మ.

మోజంజాహీ మార్కెట్‌కి మాత్రం వేరే లెక్క పెట్టుకో. 1935లో కట్టిన ఆ రాతి భవనంలో ఫేమస్, షా లాంటి షాపులు పళ్ల ఐస్‌క్రీమ్‌కి పేరుపడ్డవి. డబ్బా చుట్టూ ఐసూ ఉప్పూ పోసి చేత్తో తిప్పే పాత పద్ధతికి ఆ చోటు ప్రసిద్ధి. అలా తిప్పినదాంట్లో గాలి తక్కువ, మెషిన్లో వచ్చేంత నునుపు రాదు. కొంచెం గరుకుగా తగలడం ఆ పద్ధతి స్వభావం, లోపం కాదు. అక్కడ చూడాల్సింది పండు. చేత్తో తిప్పేదాంట్లో రాగల అసలు తప్పు ఉప్పునీరు డబ్బాలోకి దిగడం. పాలదాంట్లో ఉప్పగా తగిలితే అదే కారణం. సీతాఫలం గుజ్జు వేడి చేస్తే చేదెక్కుతుంది, అందుకే గింజ తీసి పచ్చిగుజ్జే చల్లటి పాలలో కలపాలి. మింగాక గొంతులో సన్నటి చేదు మిగిలిందంటే గుజ్జు కాచి నిలవ చేసిందని అర్థం. మామిడిదీ అంతే: ఏప్రిల్ నుంచి జూన్ దాకా తాజా పండు వాసన వస్తుంది, మిగతా నెలల్లో డబ్బా గుజ్జు వాడితే ఉడికిన జాము వాసన వస్తుంది.

రాసుకునేటప్పుడు పదికి ఎన్ని అని అంకెలు వేసి ఊరుకోకు. షాపు, రకం, తేదీ, గంట, బరువు, ధర, నోట్లో ఏం తగిలింది, ఎలా కరిగింది, నిమిషం తర్వాత ఏం మిగిలింది, ఇవి మాటల్లో రాయి. ముందు ఎవరి పుస్తకంలో వాళ్లు రాసుకున్నాకే నోరు విప్పండి. ఒకరు ‘అబ్బ, అద్భుతం’ అన్నారంటే మిగతావాళ్ల నాలుక అటే వంగుతుంది.

చివరికి రెండు షాపుల మధ్య తేలకపోతే ఇంట్లో పేర్లు దాచి చూడండి. రెండింటి వెనీలా తెచ్చి, ఒకేలాంటి మూడు కప్పుల్లో, ఒకదాంట్లో ఒక షాపుది, రెండింటిలో రెండో షాపుది వేసి, అడుగున అంకె అంటించి ఇమ్మను. ఆ మూడింటిలో వేరేది ఏదో నువ్వు పట్టుకోలేకపోతే నీ నాలుకకి ఆ రెండూ ఒకటే, చవకది కొనుక్కో. తెచ్చేటప్పుడు థర్మోకోల్ పెట్టెలో కిలో ఐసుకి 300 గ్రాముల కల్లుప్పు కలిపి, కప్పుల్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి మధ్యలో పెట్టుకోండి, దారిలో కరగవు. ఇంటి ఫ్రీజరులో గంట ఉంచి, తినే ముందు పది నిమిషాలు ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. జెలాటోకి ఇది మరీ ముఖ్యం, మైనస్ 18 డిగ్రీల్లోంచి నేరుగా తీసి తింటే దాని రుచి సగమే తెలుస్తుంది.

ఇప్పుడు పాల రకాలతో మొదలుపెట్టండి. సీతాఫలానికి సెప్టెంబరు, అక్టోబరు వరకూ ఆగి, పాలమూరు వైపు నుంచి బాలానగర్ కాయలు బాగా దిగే రోజుల్లో మార్కెట్‌కి వెళ్లండి.

ఆశీస్సులతో,
బాబాయి