తాత గురించి రాసే ముందు

తల్లీ,

తాత సంవత్సరీకానికి ఆయన మీద చిన్న పుస్తకం వేద్దామంటున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో! మా అత్తగారు పోయినప్పుడు ఆమె గురించి నేనే రాశాను కాబట్టి ఇందులో ఎక్కడ చిక్కుపడతామో కొంచెం తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

ముందు అమ్మమ్మ దగ్గర కూర్చో, మిగతావాళ్లంతా తర్వాత. "తాత ఎలాంటివాడు?" అని మాత్రం అడగొద్దు. "దేవుడమ్మా" అని కళ్లు తుడుచుకుంటుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్, కాల్చే రోజుల్లో తాతకు అన్నం ఎన్నింటికి పంపేదానివి, ఏం కూర కట్టేదానివి అని అడుగు. ఇక ఆమెను ఆపలేవు. ఆ రాత్రుళ్లు నాయన పొయ్యిలో కట్టె వేస్తూ, వేడి చూసుకుంటూ మేలుకునేవాడు. వేడి తప్పితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. అంత ఒత్తిడిలోనూ మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించుకునేవాడు. పదిహేడో ఎక్కం తలచుకుంటే నాకు ఇప్పటికీ పొగాకు వాసనే వస్తుంది.

ఆకు అల్లడానికి వచ్చే ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వాళ్లనూ తప్పకుండా కలువు. కూలి డబ్బుల దగ్గర మనిషి ఎలాంటివాడో ఇంట్లోవాళ్ల కంటే వాళ్లకే బాగా తెలుసు.

తేదీల గురించి టెన్షన్ పడకు. అమ్మమ్మకు సంవత్సరాలు గుర్తుండవు, జరిగినవి గుర్తుంటాయి. దివిసీమ ఉప్పెనకు ముందా తర్వాతా అని అడుగు, అది 1977 నవంబరు. పొగాకు వేలాలు వచ్చాకా, రాకముందా అని అడుగు, అవి మన వైపు 1985లో మొదలయ్యాయి. అలా అడిగితే ఏడాది అటూ ఇటూగా లెక్క తేలుతుంది.

కాగితాలు చూసేటప్పుడు ఇంకో సంగతి. మన కందుకూరు మొదట నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మళ్లీ నెల్లూరు జిల్లాలో కలిపారు. తాత ఊరు కదల్లేదు, ఆయన కాగితాల్లో జిల్లా మాత్రం మారుతూనే వచ్చింది. పొరపాటు పడ్డారనుకుని దిద్దేవు సుమా. తేదీ చెరిగిపోయిన కాగితం ఏ కాలందో జిల్లా పేరును బట్టే చెప్పొచ్చు.

అన్నిటికంటే విలువైనది తాత చిట్టా పుస్తకం. కట్టెల ఖర్చు, కూలి, ఎరువు బాకీ, ఏ బేలుకు ఎంత రేటు వచ్చిందీ అన్నీ అందులో ఉన్నాయి. ఒక పేజీ చూడు: పైన "నాలుగు బేళ్లు నో బిడ్" అని ఉంటుంది, కింద అదే తేదీన "చిన్నదానికి గౌను, ఉలవపాడు మామిడికాయలు ఒక బుట్ట." ఆ చిన్నది మీ అమ్మే. సరుకు అమ్ముడుపోని రోజున కూడా ఆ మనిషి ఇంటికి వట్టి చేతులతో రాలేదు. ఆ పేజీని ఉన్నదున్నట్టు అచ్చువెయ్యి. "ఆదర్శమూర్తి", "అజాతశత్రువు" లాంటి మాటలు కర్మ కార్డు మీద ఎలాగూ వేశాం, పుస్తకంలో వద్దు.

ఆయన కోపం గురించి కూడా రాయి. పొలం గట్టు దగ్గర మాటామాటా వచ్చి చిన్నాయనతో చాన్నాళ్లు మాట్లాడలేదు. ఆ చిన్నాయన కూతురి పెళ్లికి ముందు రోజే వెళ్లి వంటల దగ్గర నిలబడిందీ ఆయనే. మొదటిది దాచిపెడితే రెండోదాని విలువ తెలియదు. కాకపోతే ఆ భాగం వాళ్ల ఇంటికి పోయి చదివి వినిపించాకే అచ్చుకు ఇవ్వాలి. వాళ్లు వద్దంటే తీసెయ్యి.

ఫొటోల్లో ఎవరెవరో అమ్మమ్మ గుర్తుపట్టగలిగినప్పుడే అడిగి, వెనక పెన్సిల్‌తో మెల్లగా పేర్లు రాయి. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు గీతలు తేలతాయి. ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన ఉంచు, ఆమె మొహం ముందు పట్టుకోకు. గంట దాటితే అలసిపోతుంది, మర్నాడు మళ్లీ కూర్చోండి.

చిట్టా పుస్తకం మీ మామయ్యతో పంపిస్తున్నా. కుట్లు వదులయ్యాయి, జిరాక్స్ మిషన్ మీద బోర్లించొద్దు. ఫోన్‌తో ఒక్కో పేజీ ఫొటో తీసుకుని, పని అయ్యాక నా చేతికే ఇవ్వు.

మీ పెద్దమ్మ
కందుకూరు