ఖర్జూరం మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

రంజాన్ ప్రత్యేక సంచికకు నువ్వు రాసిన ఖర్జూరం వ్యాసం పెన్సిల్ చేత్తో పట్టుకుని చదివాను. భాష బాగుంది, చదివిస్తుంది. మొదటి పేజీ మాత్రం మొత్తం కొట్టేశాను, ఏమీ అనుకోకు. పొటాషియం, పీచు, ఐరన్ వివరాలు ప్యాకెట్ వెనకాల అచ్చయ్యే ఉంటాయి. రెండో పేజీ నిండా ‘పవిత్ర ఫలం’ అన్న మాటే. ముందే పవిత్రం అనేస్తే పాఠకుడు దండం పెట్టి పేజీ తిప్పేస్తాడు. ఎలా పవిత్రమైందో చెప్పినప్పుడే ఆగి చదువుతాడు.

నా సలహా ఒక్కటే. పండు దగ్గర కాదు, పని దగ్గర మొదలుపెట్టు. మదీనా అంటే నల్లటి లావా రాళ్ల నేలల మధ్య ఉన్న ఒయాసిస్సు. అక్కడివాళ్లకు ఖర్జూరం ముందు తిండి, తర్వాత ఆస్తి, చెలామణి, ఇంటి కప్పు. ధర్మంలోకి అది ఆ దారినే వచ్చింది.

ఖర్జూరంలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. మన పోతుతాడు లాగే మగది కాయదు. గాలికి వదిలేస్తే కాపు సరిగా పట్టదు. అందుకని వసంతంలో మగపూల పొత్తి విచ్చుకోగానే ఆ రెబ్బలు కోసుకుని, నడుముకు తాడు బిగించుకుని ఆడచెట్టు ఎక్కి, పూగెలల మధ్య దోపి కడతారు. ఒక్క మగచెట్టు పుప్పొడి నలభై యాభై ఆడచెట్లకు వస్తుంది కాబట్టి తోటలో మగవాటిని లెక్కగానే ఉంచుతారు. గింజ నాటితే సగానికి సగం మగచెట్లే మొలుస్తాయి, ఆడది మొలిచినా తల్లి రుచి వస్తుందన్న నమ్మకం లేదు. మంచి రకం కావాలంటే తల్లిచెట్టు మొదట్లోంచి పిలక తీసి నాటుకోవాల్సిందే.

ఈ పని ఇస్లాం కంటే చాలా పాతది. క్రీస్తుకు దాదాపు 1750 ఏళ్ల ముందు బాబిలోన్‌లో హమ్మురాబీ వేయించిన శాసనంలో దీనికో కౌలు లెక్క ఉంది. పుప్పొడి పట్టించడానికి తోట అప్పగిస్తే తోటమాలి పంటలో మూడింట రెండు వంతులు యజమానికిచ్చి ఒక వంతు తాను ఉంచుకోవాలి. ‘అనాదిగా’ అని నువ్వు రాసిన చోట ఈ లెక్క పెట్టి చూడు.

ఇక మదీనా. 622లో ముహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి అక్కడికి వచ్చారు. మక్కా వ్యాపారుల ఊరు, పంట పండని లోయ. మదీనా తోటల ఊరు. జనం చెట్లెక్కి పుప్పొడి పట్టించడం చూసి, దానివల్ల ప్రయోజనం ఉంటుందనుకోను అన్నట్టు ఆయన ఒక మాటన్నారు. విన్నవాళ్లు ఆ పని మానేశారు. ఆ ఏడు కాపు దెబ్బతింది. సంగతి తెలిసి ఆయన, మీ లోకవ్యవహారాలు మీకే బాగా తెలుసు అన్నారు. ఇది సహీహ్ ముస్లిం అనే హదీసు సంకలనంలో ఉంది. హదీసు అంటే ప్రవక్త మాటలు, చేతల గురించి చెప్పుకుంటూ వచ్చిన కథనం. నీ వ్యాసంలో దీనికి చోటే లేకపోయింది. దీన్ని దాచకుండా తరతరాలు చెప్పుకున్నారంటే తోటమాలి అనుభవానికి అక్కడెంత విలువ ఉండేదో చూడు. నాకైతే ఖర్జూరం గురించిన హదీసుల్లో ఇంతకు మించింది లేదు.

తర్వాత బజారుకు రా. నువ్వు పూర్తిగా వదిలేసింది ఇదే. ఒకసారి ప్రవక్త సహచరుడు బిలాల్, బర్నీ రకం మంచి ఖర్జూరాలు తెచ్చారు. ఎక్కడివని ప్రవక్త అడిగితే, మన దగ్గరున్న నాసిరకం రెండు ‘సా’లు ఇచ్చి ఇవి ఒక ‘సా’ తీసుకున్నానన్నారు. సా అంటే నాలుగు దోసిళ్ల కొలత. అది అచ్చంగా వడ్డీయే, అలా చేయొద్దు, నాసివి అమ్మేసి ఆ డబ్బుతో మంచివి కొనుక్కో అని ఆయన చెప్పారు. బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఉప్పు సరసన ఖర్జూరం కూడా ఉన్న జాబితా ఒకటి ఉంది. ఒకే సరుకుతో మార్చుకుంటే ఎక్కువ తక్కువలు పనికిరావని ఆ ఆరింటికీ నియమం. అంటే అక్కడ ఖర్జూరం డబ్బుతో సమానం. మదీనావాళ్లు కాపు రాకముందే ఏడాది, రెండేళ్ల పంటకు డబ్బు తీసుకునేవాళ్లు. దాన్ని ఆయన ఆపలేదు. కొలత, తూకం, గడువు ముందే తేల్చుకోమన్నారు. ఇప్పటి ఇస్లామిక్ బ్యాంకుల్లో ‘సలమ్’ అనే ఒప్పందానికి మూలం అదే. వడ్డీ నిషేధం మీద పెద్ద పెద్ద మాటలు రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నువ్వు బిలాల్ చేతిలోని ఆ ఒక్క సా ఖర్జూరాలు చూపించు, చాలు.

ఇఫ్తార్ పేరాలో ‘ఖర్జూరంతో ఉపవాసం విడవడం సంప్రదాయం’ అని రాసి ఊరుకున్నావు. హదీసులో వరస ఉంది. ముందు రుతబ్, అంటే చెట్టు మీద పండిన మెత్తటి తాజా పండు. అది లేకపోతే తమ్ర్, అంటే నిలవ ఉండే ఎండిన పండు. అదీ లేకపోతే కొన్ని గుక్కల నీళ్లు. ఈ వరస ఎందుకో ఆలోచించు. రంజాన్ చాంద్రమాసం, ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒకప్పుడు పండు దిగే ఎండాకాలంలో పడుతుంది, ఇంకొకప్పుడు చలికాలంలో పడుతుంది. చలికాలంలో తాజా పండు ఎక్కడిది? ఈ సంగతి నేను విడమరిచి చెబుతున్నాను గానీ, నువ్వు రాసేటప్పుడు రెండు వాక్యాల్లో తేల్చెయ్.

ఇప్పుడు ఒక పండు తిని గింజ చేతిలోకి తీసుకో. గుజ్జుకీ గింజకీ మధ్య పల్చటి తెల్లపొర అంటుకుని ఉంటుంది. దాన్ని ఖిత్మీర్ అంటారు. ఒక వైపు నిలువుగా గాడి, అందులో సన్నటి పోగు. అది ఫతీల్. తిరగేస్తే వీపు మీద సూదితో గుచ్చినంత చుక్క. అది నఖీర్, మొలక వచ్చేది అక్కడి నుంచే. ఈ మూడూ ఖురాన్‌లో ఉన్నాయి. ఎవరికీ పోగంత అన్యాయం కూడా జరగదనీ, అల్లాను కాదని మీరు వేడుకునేవాళ్లకు గింజ మీది పొరంత కూడా సొంతం లేదనీ చెప్పడానికి వాడిన కొలతలవి. తిని ఉమ్మేసిన గింజను రోజూ చూసే జనానికి ఇక వేరే వివరణ అక్కర్లేదు. ఇది రాసేటప్పుడు నెట్‌లో ఫొటో చూసి రాయకు, గింజ ఎదురుగా పెట్టుకుని రాయి.

ఖురాన్‌లోని మర్యమ్ (ఏసు తల్లి) ప్రసవవేదన ఘట్టం బాగా రాశావు, దాన్ని ముట్టుకోను. మొదలు పట్టుకుని ఊపమని చెప్పడం, తాజా పండ్లు రాలడం, అంతవరకే ఉంచు. దాని వెనకాల నువ్వు చేర్చిన గర్భిణుల డైట్ సలహా తీసెయ్.

మదీనా మసీదు గురించి ‘నిరాడంబరంగా ఉండేది’ అన్నావు. ఎలా? స్తంభాలు ఖర్జూరపు మొదళ్లు, కప్పు ఖర్జూరపు మట్టలు. ఒక రంజాన్ రాత్రి వాన కురిస్తే కప్పు కారింది. తెల్లవారి నమాజు అయ్యేసరికి ప్రవక్త నుదుటి మీద తడిమట్టి అంటి ఉంది. బుఖారీ హదీసు సంకలనంలో ఉన్న సంగతిది. ‘నిరాడంబరం’ అన్న మాట ఇక నీకు అవసరం లేదు.

ఇబ్బంది పెట్టే విషయాలు దాటేయకు. మదీనాలోని యూదు తెగ బనూ నజీర్‌ను ముస్లింలు ముట్టడించినప్పుడు వాళ్ల ఖర్జూరపు చెట్లు కొన్ని నరికారు, ఖురాన్ 59వ సూరాలో, అంటే అధ్యాయంలో, ఆ ప్రస్తావన ఉంది. తర్వాత మొదటి ఖలీఫా అబూబకర్ సైన్యాన్ని పంపేటప్పుడు కాయలిచ్చే చెట్లు నరకొద్దని ఆజ్ఞాపించారు. రెండూ రాయి, పక్కపక్కనే రాయి. పండితులు వాటి మీద చాలా చర్చ చేశారు, తీర్పు చెప్పే పని నీది కాదు. కాలం మారాక కూడా ఈ చెట్టును యుద్ధం వదల్లేదు. 1980 నుంచి 1988 దాకా సాగిన ఇరాన్-ఇరాక్ యుద్ధంలో ఇరాక్‌లోని బస్రా దగ్గర షత్తుల్ అరబ్ నది ఒడ్డున ఉన్న తోటలు పెద్ద ఎత్తున నాశనమయ్యాయి.

ఆధారాల సంగతి. ఖురాన్ మాట, హదీసు మాట, జనం నోట్లో నానే మాట, దుకాణం బోర్డు మీది మాట, ఈ నాలుగూ నీ వ్యాసంలో కలగాపులగం అయిపోయాయి. ఉదయాన్నే ఏడు అజ్వా ఖర్జూరాలు తింటే ఆ రోజు విషం, చేతబడి హాని చేయవని హదీసు ఉంది. అజ్వాతో షుగర్, బీపీ, గుండెజబ్బు అన్నీ పోతాయన్నది అమ్మేవాడి మాట. రెండూ ఒకే వాక్యంలో రాస్తే నమ్మేవాడికీ కోపమొస్తుంది, నమ్మనివాడికీ కోపమొస్తుంది.

హైదరాబాద్ గురించి ఒక్క పేరా చాలు. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెనీ అరబ్బుల వారసులు బార్కస్‌లో ఇప్పటికీ ఉన్నారు, అది నిజమైన సంబంధం. దాన్ని పట్టుకుని హలీం, చార్మినార్ దాకా పోవద్దు, అవి ఎవరైనా రాస్తారు.

అసలు సరుకు నీ ఇంట్లోనే ఉంది. మీ మావయ్య సౌదీలోని అల్ అహ్సాలో ఖర్జూరం తోటలో పనిచేశాడని చివర్లో ఒక ముక్క రాసి వదిలేశావు. 25 లక్షల చెట్లున్న ఒయాసిస్సది, 2018లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ చెట్టెక్కిన మనిషి మీ ఇంట్లో ఉంటే నువ్వు నెట్‌లో వెతుకుతున్నావా! మట్టల మొదట్లో ముళ్లు ఎలా కోసేవాళ్లో, గెలలకు సంచులు ఎప్పుడు కట్టేవాళ్లో, ఆ ఎండలో ఎన్నింటికి పని మొదలయ్యేదో, జీతం రోజు లెక్కనో నెల లెక్కనో అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో, నువ్వు అందంగా మార్చకు. ఫొటోలుంటే తీసుకో.

గడువు దగ్గరపడిందని టెన్షన్ పడకు. సంపాదకుడికి నేను ఫోన్ చేసి ఇంకో వారం అడుగుతాను. ఈలోగా మావయ్య దగ్గరికెళ్లి రా. ఆ తోటలో మగచెట్లు ఎన్ని ఉండేవో, పొత్తి విచ్చుకున్నాక ఎన్ని రోజుల్లో పని ముగించాలో అడగడం మాత్రం మరిచిపోకు.

ఉంటాను,
అన్నయ్య