వంటల రీల్స్ మొదలుపెట్టాక ఇంట్లో మనశ్శాంతి లేదు, ఆపేయాలా?

ప్రశ్న: మాది కాజీపేట. నాకు 28 ఏళ్లు. ప్రైవేటు బళ్లో టీచరుగా నెలకు 11 వేల జీతం వచ్చేది. పోయిన ఏడాది మానేసి, ఇన్‌స్టాగ్రామ్‌లో మన తెలంగాణ వంటల రీల్స్ మొదలుపెట్టాను. ఇప్పుడు 18 వేల మంది ఫాలోవర్లున్నారు. యూట్యూబ్‌లో 900 మంది సబ్‌స్క్రైబర్లు. సంపాదన మాత్రం రెండు చీరలు, ఒక హోటల్లో భోజనం. నేను కొన్న 42 వేల ఫోనుకు నెలకు 3,500 కిస్తీ మా ఆయనే కడుతున్నారు. ఆడబిడ్డకు సంబంధాలు చూస్తున్నామని, నా వీడియోలు తీసేయమని అత్తమ్మ పట్టుబడుతున్నది. మా ఆయన నా ఇన్‌స్టా పాస్‌వర్డ్ అడుగుతున్నారు. మా నాలుగేళ్ల పాపను చూపిస్తే వ్యూస్ వస్తాయని స్నేహితురాలు చెబుతున్నది. 15 వేలు కడితే బ్రాండ్లు ఇప్పిస్తామని ఒక ఏజెన్సీ వాళ్లు, బెట్టింగ్ యాప్ మీద ఒక్క స్టోరీ పెడితే 20 వేలు ఇస్తామని ఇంకొకరు వెంట పడుతున్నారు. నేను ఆపేయాలా?
– ఒక సోదరి, కాజీపేట

సలహా: అమ్మా, మీ ఉత్తరంలో ఈ రోజే తేల్చేయాల్సినవి రెండున్నాయి. ముందు అవి చూద్దాం.

బెట్టింగ్ యాప్ వాళ్ల నంబరు బ్లాక్ చేయండి. ఒక్క రోజులో పోయే స్టోరీయే కదా అని వాళ్లు నచ్చజెబుతారు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్ జూదం మీద నిషేధం ఉంది. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ప్రకారం, డబ్బు పెట్టి ఆడే ఆటలకు ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ చట్టం రాకముందే, అదే ఏడాది హైదరాబాద్‌లో పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినిమావాళ్లతో పాటు రీల్స్ చేసేవాళ్ల మీద కూడా కేసులు పెట్టారు. స్టోరీ పోయినా ఎవరో తీసుకున్న స్క్రీన్‌షాట్ ఉంటుంది, మీ ఖాతాలో పడిన 20 వేల జమ ఉంటుంది. పైగా మీ వీడియోలు చూసే పిల్లల్లో ఒక్కడు ఆ యాప్‌లో ఇంటి పైసలు పోగొట్టుకున్నా ఆ బాధ మీదే.

15 వేలు అడిగిన ఏజెన్సీకి జవాబే ఇవ్వకండి. పని ఇప్పించేవాళ్లు మీకు వచ్చిన దాంట్లో కమిషన్ పట్టుకుంటారు, ముందుగా ఫీజు అడగరు. ‘మీ పేజీ మీద కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, ఈ లింకులో లాగిన్ అవ్వండి’ అనే మెసేజ్‌లూ ఈ కోవలోవే. లింకు నొక్కి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చారంటే పేజీ పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో, దానికి కలిపిన ఈమెయిల్‌లో రెండంచెల భద్రత (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) ఈ రోజే పెట్టుకోండి. బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో దాచండి.

ఇక ఇంటి సంగతి. మీ ఆయన కోపమంతా రీల్స్ మీదేనని మీరు అనుకుంటున్నారు. ఉత్తరం చదివితే నాకు అలా అనిపించలేదు. ఇంట్లోకి వచ్చే 11 వేలు ఆగిపోయాయి, కొత్తగా 3,500 ఖర్చు మొదలైంది, ఇది ఎన్నాళ్లో ఆయనకు ఎవరూ చెప్పలేదు. గడువు తెలియని ఖర్చు ఏ ఇంట్లోనైనా గొడవ పెడుతుంది. అందుకే ముందు కిస్తీ భారం ఆయన మీద నుంచి తీసేయండి. మీరు టీచరు కదా. సాయంత్రం అయిదు నుంచి ఆరున్నర దాకా చుట్టుపక్కల పిల్లలు ఏడుగురికి ట్యూషన్ చెప్పి, ఒక్కొక్కరి దగ్గర 500 తీసుకుంటే 3,500 అవుతుంది. ఈ ఒక్క పనితో ఇంట్లో మాట తీరు మారుతుంది. కిస్తీ తీరేదాకా లైట్లు, కెమెరా, కోర్సుల మీద ఒక్క రూపాయి పెట్టకండి. ఒక ట్రైపాడ్, కాలరుకు పెట్టుకునే మైకు ఉంటే చాలు.

ఈ పనిలో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో మీకు ఎవరూ సరిగా చెప్పినట్టు లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్‌కు లక్ష వ్యూస్ వచ్చినా యూట్యూబ్‌లో మాదిరిగా ప్రకటనల వాటా మన ఖాతాలో పడదు. యూట్యూబ్‌లో ఆ వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో షార్ట్స్‌కు (యూట్యూబ్‌లో పెట్టే చిన్న వీడియోలు) కోటి వ్యూస్ గానీ ఉండాలి. షార్ట్స్ ఫీడ్‌లో చూసిన సమయం ఆ 4,000 గంటల్లోకి రాదు. 4,000 గంటలంటే 2 లక్షల 40 వేల నిమిషాలు. ఒక్కొక్కరు సగటున నాలుగు నిమిషాలు చూస్తే 60 వేల వ్యూస్ కావాలి. కోటి షార్ట్స్ వ్యూస్ అంటే రోజుకు లక్షా 11 వేలు. మీ పరిస్థితిలో మొదటిదే దారి: ఎనిమిది నుంచి పది నిమిషాల వంట వీడియోలు నెలకు రెండు. అర్హత వచ్చాక కూడా ఖాతాలో 100 డాలర్లు పోగైతేనే డబ్బు పంపుతారు. 10 డాలర్లు దాటినప్పుడు చిరునామా సరిచూడటానికి పిన్ నంబరు పోస్టులో వస్తుంది కాబట్టి, పోస్ట్‌మ్యాన్ గుర్తుపట్టే చిరునామా ఇవ్వండి. చాలామందికి డబ్బు ఆగేది ఇక్కడే.

ఏడాది, రెండేళ్ల దాకా దీని మీద ఇల్లు నడవదు. మీలాంటి చిన్న పేజీకి తొందరగా వచ్చేది ఊరి దుకాణాల పని: హన్మకొండ చౌరస్తాలో బట్టల దుకాణం, సుబేదారిలో కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటర్, గానుగ నూనె పట్టేవాళ్లు. వాళ్లకు మీ 18 వేల సంఖ్యతో పని లేదు. అందులో వరంగల్, హన్మకొండ, కాజీపేటల వాళ్లు ఎంతమందో కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో మీ పేజీ లెక్కలు చూపించే ప్రొఫెషనల్ డాష్‌బోర్డులో ఫాలోవర్ల ఊర్లు చూడండి. ఏదో ట్రెండింగ్ పాట మీద చేసిన రీల్‌తో పెరిగిన పేజీ అయితే సగం మంది వేరే రాష్ట్రాల వాళ్లే ఉంటారు. అలాంటి పేజీలో ప్రకటన వేసిన దుకాణానికి గిరాకీ రాదు, రెండోసారి మిమ్మల్ని పిలవరు. మీ పేజీలో ఊరివాళ్లు తక్కువైతే రాబోయే మూడు నెలలు ట్రెండ్లు వదిలేసి మన ఊరి తిండి, మన ఊరి పేర్లు, మన యాసతోనే చేయండి. ఫాలోవర్లు పెరగడం మందగిస్తుంది, పని మాత్రం దొరుకుతుంది.

ధర చెప్పడానికి మీరు మొహమాటపడుతున్నట్టుంది. లెక్క ఇలా వేసుకోండి. మీ పాత జీతం 11 వేలను 26 రోజులకు, రోజుకు ఏడు గంటలకు పంచితే గంటకు 60 రూపాయలు. ఒక రీల్‌కు మాట్లాడుకోవడం, షూటింగ్, ఎడిటింగ్, దిద్దుబాట్లు అన్నీ కలిపి ఏడు గంటలు పడుతుంది. సొంత పనిలో పనిలేని రోజులూ ఉంటాయి కనుక గంటకు 120 వేసుకుంటే 840, ఆటో ఖర్చు 200, డేటా, యాప్ ఖర్చు 100. మొత్తం 1,140. ఇంతకన్నా తక్కువకు ఎవరికీ చేయకండి. అడగడం 2,500 దగ్గర మొదలుపెట్టండి. సగం ముందే యూపీఐలో వేయించుకోండి. ఎన్ని రీల్స్, ఏ తారీఖు, ఎన్నిసార్లు దిద్దుబాటు (ఒక్కసారే అని రాయండి), పేజీలో ఎన్నాళ్లు ఉంచాలి అన్నవి వాట్సాప్‌లో రాసి ‘ఓకే’ అనిపించుకున్నాకే షూటింగ్‌కు వెళ్లండి. మీ వీడియోను దుకాణం వాళ్లు డబ్బు పెట్టి బూస్ట్ చేసుకుంటామంటే (ఇంకా ఎక్కువమందికి చూపించుకుంటామంటే) దానికి వేరే ధర. నోటిమాట మీద వెళితే నాలుగుసార్లు మార్పించి, చివరికి ఒక చీర చేతిలో పెడతారు.

డబ్బు గానీ వస్తువు గానీ తీసుకున్న ప్రతి వీడియోలో ‘ప్రకటన’ అని పైన స్పష్టంగా రాయండి, ఇన్‌స్టాగ్రామ్‌లోని పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్ కూడా పెట్టండి. ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2021 నియమాల ప్రకారం 15 సెకన్ల లోపు వీడియోలో ఆ మాట కనీసం 3 సెకన్లు, అంతకు మించి రెండు నిమిషాల లోపు వాటిలో మూడో వంతు సమయం కనిపించాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాస్తే చెల్లదు. షుగరు తగ్గించే పొడి, పది రోజుల్లో బరువు తగ్గే కషాయం లాంటివి వస్తే వదిలేయండి. తప్పుదోవ పట్టించే ప్రకటన అని తేలితే వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెప్పినవాళ్లకూ 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు. డబ్బు తీసుకున్న రీల్‌కు సినిమా పాట పెట్టకండి. దుకాణం పేజీలో వేసినప్పుడు శబ్దం పోవచ్చు, పాట హక్కులున్నవాళ్లు అభ్యంతరం చెప్పొచ్చు. అసలు వంట రీల్‌కు పాట ఎందుకు? నూనెలో సకినం వేసిన చప్పుడు చాలు.

మీ అత్తమ్మ సంగతి కొంచెం ఓపికగా చూడాలి. సంబంధాలు చూసే ఇంట్లో నలుగురు ఏమంటారో అన్న భయం ఆమెకు నిజమైనదే, దాన్ని చాదస్తమని కొట్టిపారేయకండి. మీ పని మానేయాల్సిన అవసరమూ లేదు. కొన్నాళ్లు ముఖం లేకుండా, చేతులు, గొంతు మాత్రమే ఉండేలా వీడియోలు చేయండి. వంట వీడియోకు దీనివల్ల నష్టం లేదు. మొదటి రెండు సెకన్లలో నమస్కారం కాదు, తయారైన వంట కనబడాలి. సర్వపిండి విరిచినప్పుడు వచ్చే చప్పుడు, గిన్నె అడుగున పట్టిన ఎర్రటి అంచు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా గిన్నె పెట్టండి, మాట రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ ఆపేయండి. అక్షరాలు తెర కింది భాగంలో పెడితే బటన్ల కింద దాగిపోతాయి, మధ్యకు జరపండి. ఆడబిడ్డ ఫొటో గానీ, పేరు గానీ, పెళ్లిచూపుల ఏర్పాట్లు గానీ ఏ వీడియోలోనూ రావద్దు. ఆ మాట ఆడబిడ్డ ఎదుటే అత్తమ్మకు ఇవ్వండి.

సంక్రాంతికి ముందు సకినాలు చుట్టేటప్పుడు అత్తమ్మ చేతులను మాత్రమే తీస్తానని అడిగి చూడండి. బియ్యం నానబెట్టడం నుంచి, పిండిలో నువ్వులు, వాము కలపడం, తెల్లటి బట్ట మీద వేళ్లతో వరసలు చుట్టడం, తడి కాస్త ఆరనిచ్చి నూనెలో వేయడం దాకా ఆమెకు తెలిసినంత మీకు తెలియదు కదా. పిండి పలుచనైతే వరస నిలవదు, గట్టిదైతే చుట్టేటప్పుడే తెగుతుంది. ఆ తేడా ఆమె వేళ్లకు తెలుసు. ఆ మాటలు ఆమె గొంతులోనే రికార్డు చేయండి. ఒప్పుకోకపోతే మళ్లీ అడగకండి. డిసెంబరు మధ్యలోనే ఈ వీడియో పెట్టాలి, పండుగ వారంలో పెడితే అప్పటికే అందరూ వండేసి ఉంటారు. బతుకమ్మకు మలీద, ఎండాకాలం మామిడికాయ తొక్కు, వానాకాలం మక్క గారెలు, ఇలా ఏడాది పట్టిక ముందే గోడ మీద రాసిపెట్టుకోండి. వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ తీయాలనుకుంటే ఫోను చేతిలోనే ఉంచండి, అక్కడ ట్రైపాడ్ పెట్టాలంటే పురావస్తు శాఖ అనుమతి కావాలి. సకినాలు, తొక్కులు అమ్మమని ఎవరైనా అడిగితే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకున్నాకే అమ్మండి. ఫీజు చాలా తక్కువ.

పాస్‌వర్డ్ విషయంలో నా అభిప్రాయం స్పష్టం. పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి, రికవరీ నంబరు కూడా మీదే. అది మీ పని. అయితే ఆయన ఎందుకు అడుగుతున్నారో అడగండి. ముక్కూమొహం తెలియని మగవాళ్లు పెడుతున్న మెసేజ్‌లు ఆయన కంటపడి ఉంటే, ఆ చెత్తను ఆపే పని ముందు మీరే చేయండి. ఫాలో కానివాళ్ల మెసేజ్ రిక్వెస్టులు సెట్టింగ్స్‌లో ఆపేయండి. దాచే పదాల జాబితాలో బూతు మాటలను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రెండు రకాలుగా చేర్చండి. చాలామంది ఒకటే చేర్చి ఊరుకుంటారు, అందుకే ఫిల్టర్ పని చేయదు. దుకాణాలతో మాటలకు వేరే వాట్సాప్ నంబరు, వేరే ఈమెయిల్ పెట్టి, ఆ లెక్కలు ఆయనకు చూపించండి. బెదిరించేవాళ్లుంటే స్క్రీన్‌షాట్లతో మహిళల భద్రత చూసే పోలీసు బృందం, వరంగల్ షీ టీమ్ దగ్గరికి వెళ్లండి. మీ ఆయనే ఫోను లాక్కోవడం, చేయి చేసుకోవడం దాకా వస్తే ఇదంతా వేరే సంగతి. అప్పుడు మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆలోచించొద్దు.

పాపను చూపించకండి. స్నేహితురాలు చెప్పినట్టు వ్యూస్ రావొచ్చు. కానీ బడి యూనిఫాం, రోజూ వెళ్లే ఆటో, ఇంటి గేటు, ఇవన్నీ కలిపి చూసేవాడికి పాప ఎక్కడుంటుందో తెలిసిపోతుంది. ‘పిల్లల కోసం’ అని గుర్తించిన వీడియోలకు యూట్యూబ్‌లో కామెంట్లు ఆగిపోతాయి, ప్రకటనల రాబడీ తగ్గుతుంది. ఇప్పటికే పాప ఉన్న రీల్స్ ఏవైనా ఉంటే ఎవరికీ కనబడకుండా ఆర్కైవ్‌లో పెట్టండి.

వారానికి రెండు రోజులు, పాప బడికి వెళ్లాక తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా షూటింగ్. ఎడిటింగ్ మధ్యాహ్నం. రాత్రి ఎనిమిది తర్వాత ఫోను కామెంట్లకు కూడా తీయనని మీ ఆయనకు చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. ఒక నోటుబుక్కులో వచ్చిందీ, పోయిందీ రాయండి. చీర వస్తే దాని ధర కూడా రాయండి. ఒకే కంపెనీ ఏడాదిలో 20 వేలు దాటి వస్తువులిస్తే దాని మీద 10 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) ఉంటుంది కాబట్టి పాన్ వివరాలు దగ్గర పెట్టుకోండి.

మార్చి 31న ఇద్దరూ కూర్చుని చివరి మూడు నెలల లెక్క చూడండి. ట్యూషన్ పైసలు పక్కన పెట్టి, ఖర్చులు పోను రీల్స్ మీద నెలకు సగటున 6 వేలు మిగిలితే ఇంకో ఏడాది చేయండి. మిగలకపోతే బడికి దరఖాస్తు పెట్టండి. జూన్‌లో తెరిచే బళ్లు టీచర్లను ఏప్రిల్, మే నెలల్లోనే మాట్లాడుకుంటాయి, జూన్ దాకా ఆగితే దూరపు బడి, తక్కువ జీతం మిగులుతాయి. బళ్లో చేరినా వారానికి ఒక రీల్ ఆదివారం పూట చేసుకోవచ్చు, పేజీ మూసేయనక్కర్లేదు. ఈ తారీఖు, ఈ 6 వేల అంకె ఇప్పుడే మీ ఆయనతో అనుకుని నోటుబుక్కు మొదటి పేజీలో ఆయన చేతే రాయించండి.